దశమి తేదీ

అర్చిత బల్ల మీద ఫైలు తెరిచి ఉంది. అర్చిత గదిలో లేదు. అనుప్రియ ఒక్క చూపు చూసింది. ఆ ఒక్క చూపు చాలింది.

తప్పు దొరికింది.

రెండు నెలల కిందటి దాకా ఆ బల్ల అనుప్రియదే. తట్టాంచావడిలో మామ ఆదికేశవులు నాయుడు నడిపే తోలు సంచుల ఫ్యాక్టరీకి పెద్దకోడలిగా వచ్చిన ఏడు నుంచీ ఎగుమతి కాగితాలన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్లాయి. తర్వాత మరిది సుజిత్ పెళ్లయింది. చెన్నైలో ఎంబీఏ చదివిన అర్చిత ఇంట్లో కాలుపెట్టింది. నెల తిరక్కముందే మామ నోట ‘అర్చితను అడగండి’ అనే మాట పడింది. కాఫీ కూడా ఆ పిల్ల కలిపితేనే తాగుతున్నాడు. అనుప్రియ కాఫీలో ఎప్పుడూ చక్కెర ఎక్కువేనని ఇన్నేళ్లకు ఇప్పుడు చెప్పాడు.

అదైనా ఓర్చుకునేది. సేదరపేట్‌లో కొత్త యూనిట్ లేస్తోంది. "ఈ పోర్చుగల్ సరుకు అర్చిత పంపించనీ. సరిగ్గా పోయిందంటే సేదరపేట్ ఆమెకే" అని మామ భోజనాల దగ్గర అందరి ముందూ అనేశాడు. అనుప్రియ భర్త కేశవ్ తల వంచుకుని రసం కలుపుకున్నాడు. సేదరపేట్ తనదేనని పునాది తీసిన రోజునుంచీ అనుకుంటోంది అనుప్రియ. ఆఫీసు గదికి కిటికీ ఎటు పెట్టాలో మేస్త్రీకి చెప్పింది కూడా ఆమే.

సరుకు ఓడెక్కింది. ఇక లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే ఎల్సీ, ప్రకారం కాగితాలు బ్యాంకుకు ఇవ్వాలి. అడిగిన కాగితాలు అడిగినట్టు ఇస్తే డబ్బు ఇస్తామని కొనేవాడి బ్యాంకు రాసిచ్చిన మాట అది. సంచులు ఎంత బాగున్నా బ్యాంకు చూడదు. కాగితమే చూస్తుంది. కాగితంలో తేడా వచ్చిందా, ఆ మాట చెల్లదు. నడిసముద్రంలో ఉన్న సరుకుకు అప్పుడు కొనేవాడు చెప్పిందే ధర.

ఫైలులో పైన ఉన్నది సరుకు ఒప్పుకున్నట్టే ఉందని ఫ్యాక్టరీ ఇచ్చే ధ్రువపత్రం. దాని మీద మామ సంతకం. సంతకం కింద తేదీ ఎల్లుండిది.

ఈరోజు అష్టమి. రేపు నవమి. ఆ రెండు రోజులూ ఆదికేశవులు కొత్త చీపురు కూడా కొననివ్వడు. మరీ తప్పదంటే సంతకం పెడతాడు, తేదీ మాత్రం దశమిది వేస్తాడు. అలా వేస్తే పని దశమినాడు చేసినట్టేనని ఆయన లెక్క. ఆ లెక్క దేవుడు ఒప్పుకుంటాడేమో గానీ యూసీపీ ఒప్పుకోదు. దేశదేశాల బ్యాంకులు పాటించే ఆ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. బ్యాంకుకు ఇచ్చే రోజు కన్నా తర్వాతి తేదీ ఏ కాగితం మీదా ఉండకూడదు. అందుకే అనుప్రియ ప్రతిసారీ పంచాంగం చూసుకుని సప్తమినాడే సంతకం చేయించేసేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

"ఏందక్కా, ఏమన్నా కావల్నా?" అంటూ అర్చిత వచ్చింది.

"స్టేప్లర్."

"తీసుకో. నేను బ్యాంకుకు పోతా ఉండా. ఫైలు ఒకసారి చూస్తావా? నాకు కొంచం భయంగానే ఉండాది."

మాట అనుప్రియ నాలుక చివరికి వచ్చింది. అంతలో అర్చిత ఫైలు మీదికి వంగింది. మామ కొనిచ్చిన ముత్యాల గొలుసు ముందుకు జారి ఊగింది. అనుప్రియకు పెళ్లినాడు ఆయన పెట్టింది చీర ఒక్కటే.

"నువ్వు పెద్ద చదువు చదివినదానివి. నేను చూసేదేముంది" అంది అనుప్రియ.

మర్నాడు భోజనాల వేళకు ఆమె ఫోను మోగింది. బ్యాంకులో ఎగుమతుల విభాగం చూసే నరసింహన్. బ్యాంకు దగ్గర ఇంకా ఆమె నంబరే ఉంది.

"ఏందమ్మా ఇది? రేపటి తేదీ వేసిన సర్టిఫికెట్ నిన్ననే నాకిచ్చినారు. ఇది నీ పనేనా?"

"ఆ ఫైలు నాది కాదు సార్."

"ఎవరిదైతే ఏంది, తీసుకునేదానికి లేదు. ఎల్సీ నెలాఖరు దాకా ఉందని ఊరుకోవద్దు. ఓడెక్కిన ఇరవయ్యొక్క రోజుల్లో కాగితాలు నా చేతికి రావాల. ఆ గడువు ఈరోజుతో సరి. బ్యాంకు మూసే లోపల సరైన తేదీతో కొత్తది తెస్తే తీసుకుంటా. లేదంటే తేడా ఉందని రాసి పంపేదే."

అనుప్రియ ఫోను పెట్టేసింది. నెలల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నట్టుంది. కబురు తానే మోసుకెళ్లింది, అర్చిత ముఖం చూడాలని. చూసింది. ఆ ముఖంలో రక్తం లేదు.

అర్చిత వెంటనే మామకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"నవమి తేదీ వేసి నేను సంతకం పెట్టేదా?" అన్నాడు ఆదికేశవులు. "రేపు పెడతా. ఆ బ్యాంకాయన్ని ఒక దినం ఆగమను."

"ఆగరు మామా. రూలు."

"యాడిది రూలు? మా నాయన కాలం నుంచి అష్టమి నవమి చూసుకుని బతికినాము. నష్టపోయిందేమీ లేదు."

లైను తెగింది. అర్చిత ఫోను పట్టుకుని వరండాలోకి నడిచింది. చెన్నైలో తనతో చదివిన ఎవరితోనో మాట్లాడుతోంది. తలుపు చాటున నిలబడ్డ అనుప్రియకు మాటలు తెలుస్తూనే ఉన్నాయి.

"అట్లంటే మామే పెట్టాలని లేదా? కంపెనీ తరపున ఎవరు పెట్టినా సరేనా? థాంక్స్ డీ."

అర్చిత దారి తెలుసుకుంది. ఇక ఆ పిల్లే సంతకం పెడుతుంది, ఆ పిల్లే బ్యాంకుకు పరుగెత్తుతుంది. తప్పు మరుగున పడిపోతుంది. కంపెనీని కాపాడిందని మామ ఊరంతా చెబుతాడు. నెహ్రూ వీధిలో ప్రతి కొట్టు ముందూ ఆగి మరీ చెబుతాడు.

అర్చిత లోపలికి వచ్చి సంచి అందుకుంది. "అక్కా, సంతకం నేను పెట్టినా చెల్లుతుందంట. గోరిమేడులో ఇంటికి పోయి మామను ఒక మాట అడిగి వస్తా. అడక్కుండా పెడితే ఆయన మనసు నొచ్చుకుంటుంది."

అడగడానికి వెళ్లింది. అనుప్రియకు ఆ అవసరం కనిపించలేదు.

కంప్యూటర్ ముందు కూర్చుంది. అవే మాటలు, ఈనాటి తేదీ. ప్రింటు తీసి కంపెనీ ముద్ర కొట్టి, ‘కంపెనీ తరపున’ అని రాసి తన సంతకం చేసింది. రోడ్డు మీదికి వచ్చి ఆటో ఎక్కింది. రాజీవ్ గాంధీ సిగ్నల్ దగ్గర బస్సులు అడ్డంగా ఆగిపోయాయి. ఫోను మోగింది, అర్చిత. ఎత్తలేదు. మళ్లీ మోగింది. ఆటో దిగి ఎండలో నడిచింది, నడక చాలక పరుగెత్తింది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, కవరు ఒక చేత్తో పట్టుకుని బ్యాంకు మెట్లెక్కేసరికి కాపలావాడు తలుపు దగ్గరికి లాగుతున్నాడు.

నరసింహన్ కాగితాన్ని లైను లైనుగా చదివాడు. "సంతకం నీదా అమ్మా?"

"కంపెనీ తరపున. ఓనరే పెట్టాలని ఎల్సీలో లేదు కదా సార్?"

"లేదు." అందినట్టు ముద్ర కొట్టాడు.

అప్పుడే దగ్గరికి వేసిన తలుపు తోసుకుని ఆదికేశవులు వచ్చాడు, ఒక దినం ఆగమని బ్యాంకాయన్ని తానే అడగడానికి. వెనకాలే అర్చిత. సంగతి విని ఆయన పెద్దకోడలి వైపు కళ్లెర్రజేశాడు. "నవమినాడు నా కంపెనీ పేరుతో సంతకమా? నన్నొక మాట అడిగినావా?"

"అక్క రాకుంటే సరుకు పోయేది మామా" అంది అర్చిత. "తప్పు నాది. నేను నియమం చూసుకోలేదు."

ఆ మాట అనుప్రియకు మామ తిట్టు కన్నా గట్టిగా తగిలింది. చివరికి మంచితనం కూడా ఆ పిల్లకే.

"ఇన్నేండ్లుగా రాని తప్పు ఇప్పుడెట్లా వచ్చింది?" మామ నరసింహన్‌ను అడిగాడు.

"అనుప్రియమ్మ అష్టమికి ముందే సంతకం చేయించి తెచ్చేది సార్. నేను చూస్తానే ఉండా గదా."

ఆదికేశవులు పెద్దకోడలి వైపు తిరిగాడు. ఈసారి గొంతు పెంచలేదు. "నిన్న ఫైలు చూసినావా?"

అర్చిత కూడా చూస్తోంది.

"చూసినా" అంది అనుప్రియ.

"తప్పు తెలిసిందా?"

"తెలిసింది."

ఆయన కండువా భుజాన సర్దుకున్నాడు. "సేదరపేట్ చిన్నదానికే. తెలవక చేసినదానికి నేర్పించుకోవచ్చు." తలుపు దాటి కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

తోడికోడళ్లిద్దరూ బ్యాంకు మెట్ల మీద మిగిలారు.

"నేర్పించేది ఎవరంట?" అంది అర్చిత. "మామకు యూసీపీ తెలుసునా? నువ్వు రాకుంటే వచ్చే నెల నేను ఇంకో తప్పు చేస్తా అక్కా. నిన్ను చూస్తే కోపంగానే ఉండాది. అయినా నువ్వు రావల్ల."

అనుప్రియకు వచ్చే నెల కాగితాలు గుర్తొచ్చాయి. అవి ఎవరి పేరుతో వెళ్లినా బ్యాంకు తిప్పి పంపితే తనకు నిద్రపట్టదు. సేదరపేట్‌లో ఆ కిటికీ పక్కన ఈ పిల్ల కూర్చుని ఉంటే అప్పుడూ పట్టదు.

అర్చిత తన స్కూటీ దగ్గరికి నడిచి తాళంచెవి తీసింది. "ఎక్కక్కా, పోదాం."

అనుప్రియ చెయ్యి చాపింది. "తాళం ఇట్లా ఇయ్యి. నువ్వు వెనక కూర్చో."