రెండు చుట్ల పట్టీ

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు. కుట్టుమిషను ముందు అమ్మ, పక్క కుర్చీలో మామయ్య, గోడకు ఆనుకుని అక్క, ఆమెకు ఎదురుగా వాలీబాల్ క్లబ్బు నుంచి వచ్చిన పెద్దాయన. వంటింటి గుమ్మంలో చెల్లెలు. అది ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో అలికిడే ఉండదని మామయ్య దానికి పిల్లి అని పేరు పెట్టాడు.

క్లబ్బులో చేరితే జీతమిస్తారు. జీతానికి ఆడేవాళ్ళను కాలేజీ జట్టులో ఉంచుకోరు. జట్టులో ఆడబట్టే అక్కకు ఆ సీటూ, హాస్టలూ. ఒక్క ఏడాది ఓపిక పడితే డిగ్రీ చేతికొస్తుంది కదే అని అమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఏడాది తర్వాత కూడా ఈ కాళ్ళు ఇలాగే ఎగురుతాయని ఎవరు రాసిచ్చారని అక్క ఎదురడిగింది. అడిగి ఊరుకోలేదు. నిన్ననే కాలేజీలో పేరు కొట్టేయించుకుని, పెట్టె సర్దుకుని వచ్చేసింది.

పెద్దాయన అక్క ఆటను తెగ పొగిడాడు. మామయ్య ఆ పొగడ్తలన్నీ తనకే అన్నట్టు మీసం సవరించుకున్నాడు. చిన్నప్పుడు దానికి బంతి కొనిచ్చింది తనేనని రెండోసారి చెప్పబోతుంటే అమ్మ గుడ్లురిమింది. ఇక సంతకమే మిగిలింది. అప్పుడు ఆయన చూపు గుమ్మం మీద పడింది.

"ఏమ్మా, మరి మీ అక్క ఆటలో నీ సాయమేంటి?"

చెల్లెల్ని ఇంతవరకూ ఎవరూ ఏదీ అడగలేదు. దాని మొహం వెలిగిపోయింది.

"సెలవులకొచ్చి ఇక్కడ ఆడేటప్పుడు పట్టీ కడతానండీ, మోకాలికి. ఇదివరకు ఒక చుట్టు సరిపోయేది. ఇప్పుడు రెండు చుట్లు బిగిస్తే గానీ అక్క దూకలేదు."

ఎంత ఆడితే అంత పట్టీ అనుకుంది అది. అమ్మకు చెప్పొద్దని అక్క అంటే ఇన్నాళ్ళూ అమ్మకు చెప్పలేదు. ఈయన అమ్మ కాదు, ఆట తెలిసినవాడు, మెచ్చుకుంటాడనుకుంది.

ఆయన పెన్ను మూత పెట్టేశాడు. ఒంటికాలి మీద కూర్చుని లేవమని అక్కను మెల్లగా అడిగాడు. అక్క కూర్చుంది. లేవబోతూ గోడ పట్టుకుంది. ముందు తమ డాక్టరు చూడాలని, తర్వాత కబురు చేస్తామని చెప్పి ఆయన కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. ఎప్పుడు చేస్తారండీ అని మామయ్య వాకిలి దాకా వెంటపడ్డాడు. ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు.

నేను చెప్పలేదా అని అమ్మ అనలేదు. కాలేజీవాళ్ళ కాళ్ళావేళ్ళా పడితే మళ్ళీ చేర్చుకుంటారేమో అంది. ఈ మోకాలితో ఏ జట్టులో చేర్చుకుంటారమ్మా అని అక్క లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఆ నడకలో కుంటు ఇప్పుడు అందరికీ కనబడింది. దాచే పని ఇక లేదు.

చెల్లెలు వెనకే వెళ్ళింది.

"నాకు తెలీదక్కా. మంచిదే అనుకున్నా."

అక్క తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. కళ్ళలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది చెల్లెలికి.

"ఇంట్లో నువ్వొక్కదానివే నన్నేమీ అడగవని కదే, కాలు నీ చేతికిచ్చాను."

"అక్కా..."

"పోవే. కాసేపు నాకు కనబడకు."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.