అయిదు బోల్టుల చక్రం

పరిశోధనశాల నేలమాళిగలో ముప్ఫై ఒక్కేళ్ళుగా లేత్ మెషిన్ ముందు నిలబడ్డ మేస్త్రిని పైఅంతస్తులవాళ్ళు పని పడితేనే తలుచుకునేవారు. ఆయనా అంతే. పైన ఏం పరిశోధనలు చేస్తున్నారో ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. బొమ్మ గీసి కొలతలు వేసిచ్చిన కాగితం కింద సంతకం ఉందా లేదా, అదొక్కటే ఆయన పట్టింపు. అందుకే ఆ మంగళవారం పొద్దున్న పరిశోధన చేసే అమ్మాయి గబగబా మెట్లు దిగి వచ్చి, "బాబాయ్, నువ్వు చేసిన చక్రం ఏం చేసిందో చూద్దువు రా" అని చెయ్యి పట్టుకు లాక్కెళ్తుంటే, ఆయనకు చేతులకున్న నూనె తుడుచుకోవడానికి కూడా వ్యవధి దొరకలేదు.

పైన గదిలో గుండ్రటి గాజు తొట్టి నిండా నీళ్ళతో నెమ్మదిగా తిరుగుతోంది. అడుగున మేస్త్రి చేసిన ఇత్తడి చక్రం తొట్టికంటే కాస్త జోరుగా తిరుగుతోంది. అమ్మాయి సన్నటి గొట్టంతో నీళ్ళలోకి ఆకుపచ్చ రంగు వదిలింది. రంగు ముందు వలయంలా చుట్టుకుంది, తర్వాత మెలికలు పడింది, చూస్తుండగానే దానికి మూలలు వచ్చాయి. మొత్తం ఆరు.

"శనిగ్రహం ఉత్తర ధ్రువం దగ్గర గాలి ఇలాగే ఆరు పలకలుగా తిరుగుతుంది బాబాయ్. వ్యోమనౌకలు ఫొటోలు కూడా తీశాయి. ఒక్కో పలక మన భూమి అడ్డుకొలతకంటే పొడుగు. మధ్యలో ఓ పెద్ద తుపాను. నిలబడడానికి గట్టి నేలే లేని గ్రహం అది, గాలికి అడ్డు రావడానికి ఒక్క కొండ కూడా ఉండదు. మరి మూలలెలా వస్తాయి? పక్కపక్కన వేరువేరు వేగాలతో తిరిగితే చాలు, వాటంతటవే వస్తాయని చూపించాలి నేను. రెండున్నరేళ్ళకి ఇవాళ కుదిరింది. శుక్రవారం ప్రొఫెసర్లు చూసి ఒప్పుకుంటే ఇంకో ఏడాది ఉండనిస్తారు. లేకపోతే సామాను సర్దుకోవడమే."

గొట్టం పక్కన పెట్టి, "చక్రం కొలతలు ఓసారి సరిచూసుకోమన్నారు ప్రొఫెసర్లు. బాబాయ్ చేశాక చూసేదేముందన్నాను. నీ మేలు మరచిపోను" అంది.

మేస్త్రి ఒళ్ళు పులకరించింది. ఆ సంతోషం టీ తాగినంతసేపు నిలిచింది. ఖాళీ గ్లాసు కింద పెడుతుండగా, చక్రాన్ని దాని అడుగున తిరిగే పళ్ళేనికి ఎన్ని బోల్టులతో బిగించానా అన్న ఆలోచన వచ్చింది. ఆరు.

బోల్టుల తలలు ఇత్తడిలోకి దిగిపోయి పైన నున్నగా ఉండాలని కాగితంలో స్పష్టంగా రాసి ఉంది. ఆ గుంటలు తీసే పనిముట్టు అరిగిపోయింది. నీళ్ళ అడుగున ఎవరు చూడొచ్చారులే అని, తలలు అర మిల్లీమీటరు పైకి ఉండగానే బిగించేశాడు. ఆరు తలలు నీళ్ళను ఆరు చోట్ల తోస్తుంటే ఆరు మూలలు రాక ఏమొస్తాయి? గ్రహమూ లేదు, తుపానూ లేదు. తన బద్ధకమే రంగు పూసుకుని తిరుగుతోంది.

సాయంత్రం కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే భార్య సంగతంతా రాబట్టింది.

"మీరు చెప్పకపోతే ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలీదు."

"మరింకేం?"

"తెలీదు కాబట్టే ముద్ద దిగడం లేదు."

ఆవిడ నీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. "అయితే పొద్దున్నే వెళ్ళి చెప్పేయండి. శని ఆ పిల్ల తొట్టిలో తిరుగుతోందనుకున్నా, మన కంచంలోకి కూడా వచ్చి కూర్చుంది."

బుధవారం పొద్దున్న మేస్త్రి ఏదీ దాచకుండా చెప్పేశాడు. అమ్మాయి ముఖం పాలిపోయింది. స్టూలు మీద కూలబడి, "శుక్రవారం చూపించాలి బాబాయ్" అని మాత్రం అంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది మేస్త్రికి.

"ఇంకో చక్రం చేస్తాను. దీనికి అయిదు బోల్టులే పెడతాను. తలలు అలాగే అర మిల్లీమీటరు పైకి ఉంచుతాను. నువ్వు మాత్రం వేగం జోలికి పోకు, ఉన్నది ఉన్నట్టే ఉండనీ. అయిదు మూలలొస్తే అది నా నిర్వాకం. ఆరే వస్తే అది నీ గ్రహానిది."

"అయిదొస్తే?"

"ప్రొఫెసర్ల ముందుకి నీతో నేనూ వస్తాను. తప్పు ఎవరిదో నా నోటితోనే చెప్తాను."

బుధవారమంతా మేస్త్రి లేత్ వదలలేదు. కొలిచిందే కొలిచాడు. గురువారం మధ్యాహ్నానికి కొత్త చక్రం తొట్టి అడుగున తిరగసాగింది. నీళ్ళ కుదుపు సర్దుకోవడానికి గంట ఆగారు. అమ్మాయి రంగు వదిలి, గోడవైపు తిరిగి నిలబడింది.

"నువ్వే లెక్కపెట్టు బాబాయ్. నావల్ల కాదు."

మేస్త్రి తొట్టి మీదికి వంగాడు. వలయం మెలికలు పడింది. మూడు మూలలు తేలాయి, తర్వాత నాలుగోది, అయిదోది. అక్కడితో ఆగిపోయినట్టనిపించింది. ఈ పిల్ల రెండున్నరేళ్ళ కష్టాన్ని అర మిల్లీమీటరుతో ముంచేశాననుకున్నాడు. అంతలో ఒక పలక మెల్లగా ఉబ్బి, రెండుగా విరిగింది. ఆయన మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక మరోసారి లెక్కపెట్టాడు.

"ఆరు" అన్నాడు.

అమ్మాయి తొట్టిలోకి చూసి, ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. "బోల్టులెన్ని అని రేపు ఎవరో ఒకరు అడిగేవాళ్ళే బాబాయ్. నువ్వు చెప్పకపోయుంటే నా దగ్గర జవాబు ఉండేది కాదు. రెండు చక్రాలూ పట్టుకెళ్దాం. నువ్వూ రావాలి."

మేస్త్రి తలాడించాడే గానీ, ఆయన కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. తాను చేసిన ఏ వస్తువు కనిపించినా అందులో తన చేతి ముద్ర వెతుక్కుని మురిసిపోయే మనిషి ఆయన. ఇప్పుడూ వెతికాడు, ఒక్కో మూల దగ్గరా ఆగి మరీ వెతికాడు. ఎక్కడా కనిపించలేదు. అందుకు ఎవరికి దండం పెట్టాలో తెలియక, తిరుగుతున్న ఆ నీళ్ళకే పెట్టాడు.