సంతకానికో ముద్ద

మా కొట్టు ముందు ఆగి ముక్కు మూసుకునేవాళ్ళని నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. ఈపాటికి అలవాటైపోయి ఉంటుందని అందరూ అనుకుంటారు. కాలేదు. ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నా పేరు ఎడ్నా క్లెగ్. ఉత్తర ఇంగ్లండులోని హాల్డెన్‌షా బజారు హాల్లో, చీజు కొట్టుకీ చెప్పుల కొట్టుకీ మధ్య ఉన్న బోటి కొట్టు మాది. మా తాత పెట్టాడు, మా నాన్న నడిపాడు, ఆయన పక్కనే నిలబడి నేర్చుకుని, ఆయన తర్వాత నేను. ఆవు బోటి, ఆవు కాళ్ళు, పొదుగు, నాలుక అన్నీ ఉడికించి, చల్లార్చి ట్రేలలో పరిచి ఉంటాయి. ముక్కలు కోసి, వెనిగర్ పోసి, తెల్ల మిరియాల పొడి చల్లి ఇస్తే అక్కడే నిలబడి తినెయ్యడమే. నూలు మిల్లులు నడిచిన రోజుల్లో మధ్యాహ్నం కూత వినపడితే చాలు, నాన్న కత్తి పక్కన పెట్టడానికి తీరిక ఉండేది కాదు.

ఇప్పుడు ఫోన్లు పట్టుకుని వస్తారు. మొన్న మాంచెస్టర్ నుంచి ఇద్దరు అమ్మాయిలు వచ్చి, తేనెపట్టులా గళ్ళు గళ్ళుగా ఉండే బోటిని వీడియో తీసుకుంటూ, "అమ్మో, ఇది నిజంగా తింటారా?" అని నన్నే అడిగారు.

"లేదమ్మా, గోడలకి అతికిస్తాం" అన్నాను.

రేడియోలో ఒకాయన కడుపులో తిప్పే ఇంగ్లీషు వంటలంటూ జాబితా చదివాడు. బోటి మొదటిది. జెల్లీలో గడ్డకట్టించిన పాముచేపలు రెండోది. నెత్తురు పుడ్డింగు మూడోది. రేడియోలో ఆయన పక్కనున్నావిడ 'ఛీ ఛీ' అంటూ కిలకిలా నవ్వింది. ఈ మనుషులే సెలవులకి ఫ్రాన్సు వెళ్ళి నత్తలు జుర్రుకుని వస్తారు. బూజు పట్టిన చీజుకి లొట్టలు వేస్తారు. పరాయివాళ్ళ వంటింట్లో ఉంటే రుచి, సొంత అమ్మమ్మ వంటింట్లో ఉంటే రోత. ఇదెక్కడి న్యాయమో నాకు చెప్పేవాళ్ళు లేరు.

ఏప్రిల్లో ఊరి కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. దాని వెనకాలే ట్రిస్టన్ వచ్చాడు. బజారు చూసుకోవడానికి కౌన్సిల్ కొత్తగా వేసిన కుర్రాడు.

"మిసెస్ క్లెగ్, మీరంటే నాకు చాలా గౌరవం."

"గౌరవం సంగతి తర్వాత చూద్దాం. ఈ ఉత్తరం సంగతి చెప్పు నాయనా."

"సందర్శకులు ఇటువైపు రావడానికి కాస్త ఇబ్బంది పడుతున్నారండీ. ఈ మూల ఒక కాఫీ కొట్టుకి ఇద్దామని..."

"ఇప్పటికే మూడున్నాయి కదయ్యా."

"ఇది వేరండీ. ఓట్స్ పాలతో చేస్తారు."

"పొదుగు నా దగ్గరుంటే ఓట్స్‌కి పాలెక్కడివయ్యా?"

అతను నవ్వలేదు. మే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలని చెప్పి, నా ట్రేల వంక చూడకుండా వెళ్ళిపోయాడు.

మావాళ్ళకి ఏ కష్టం వచ్చినా ముందు టీ పెడతారు, తర్వాత పిటిషన్ పెడతారు. మా అక్క మ్యూరియల్ ఆ రెండూ ఒకే సాయంత్రం పెట్టింది. బళ్ళో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, కాగితం కనపడితే గీతలు కొట్టకుండా ఉండలేదు.

"మూడు వేల సంతకాలు వస్తే కౌన్సిల్ చచ్చినట్టు మళ్ళీ చర్చించాలి. నువ్వు ఏడవకు, కత్తి నూరుకో చాలు. మిగతాది నేను చూసుకుంటా" అంది.

"ఏడుస్తున్నానని ఎవరు చెప్పారు?"

"ముక్కు చెబుతోంది."

ఊరు ఊరంతా కదిలింది. వారపత్రికలో 'మన వారసత్వాన్ని కాపాడుకుందాం' అని వేశారు. మేయరుగారు మెళ్ళో పదవి గొలుసు వేసుకుని మరీ వచ్చి, ఒక బోటి ముక్కని రెండు వేళ్ళతో దూరంగా పట్టుకుని ఫోటో దిగారు. దిగాక చేతిరుమాలుతో ఆ రెండు వేళ్ళూ తుడుచుకున్నారు. నేను చూశాను. అయినా సంతోషంలో ఉన్నాను కాబట్టి పట్టించుకోలేదు.

సంతకం పెట్టే ప్రతి ఒక్కరూ ఒక కథ చెప్పి మరీ పెట్టేవారు. మిల్లులో ఇంజన్లు బాగుచేసిన హెరాల్డ్ పిల్లింగ్ అయితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ప్రతి గురువారం మా అమ్మ పాలల్లో ఉల్లిపాయలు వేసి బోటి ఉడికించేది ఎడ్నా. వీధి మలుపు తిరగ్గానే తెలిసిపోయేది. ఆ రోజులే వేరు."

"అరకిలో కొయ్యనా హెరాల్డ్?"

"ఇవాళ వద్దులే" అని నీళ్ళు నమిలాడు. "ఇంట్లో పిజ్జా ఉంది. పాడైపోతుంది."

మే మూడో గురువారం సాయంత్రం ట్రేలు కడగబోతూ ఆగిపోయాను. పొద్దున్న పరిచినది పరిచినట్టే ఉంది. ఆ రోజు నూటపది మంది సంతకాలు పెట్టారు. బోటి కొన్నది ఇద్దరు, అందులో ఒకామె తన కుక్క కోసం. ఆ వారమంతా గుర్తు చేసుకున్నాను. నెలంతా గుర్తు చేసుకున్నాను. అప్పుడు అరికాలి మంట నెత్తికెక్కింది. వీడియో తీసుకున్న ఆ మాంచెస్టర్ పిల్లలే నయం, ఉన్నమాట మొహం మీద చెప్పిపోయారు. వీళ్ళు నా కొట్టు ముందు కన్నీళ్ళు కార్చి, ఎదుటి కొట్లో కోడిముక్కలు కొనుక్కుని ఇళ్ళకి పోతున్నారు. కొట్టు బతకాలి, తినేవాడు మాత్రం ఇంకెవడో అయ్యుండాలి. ఇదీ మావాళ్ళ ప్రేమ.

శనివారం సంతకాలకి ఆఖరి రోజు. ఇంకా అరవై రెండు సంతకాలు కావాలి. పదిగంటలకే వరస చెప్పుల కొట్టు దాటిపోయింది. మ్యూరియల్ బల్ల మీద కాగితాలు సర్దుకుంటోంది. నేను వెళ్ళి ఆ కాగితాల పక్కన బోటి ముక్కలతో ఒక పళ్ళెం, ఒక ఫోర్కు, వెనిగర్ సీసా పెట్టాను.

"ఇదేంటి?" అంది అక్క.

"సంతకానికో ముద్ద. తిన్నవాళ్ళే పెట్టాలి."

"నీకు మతిపోయిందా? ఇంకా అరవై రెండు కావాలే!"

"అరవై రెండు ముద్దలే కదా. వారసత్వం కదా. తినమను!"

హాలంతా వినపడేలా అరిచాను. వరసలో ముందున్నామెకి పళ్ళు కట్టించుకున్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది. ఆ వెనకాయనకి డాక్టరు వద్దన్నాడట. ఏ డాక్టరు అని అడిగితే పేరు మర్చిపోయాడు. ఒకాయన ఇప్పుడే టిఫిన్ తిన్నానన్నాడు. ఇంకొకామె, తన మనవరాలు శాకాహారి అంది.

"మనవరాల్ని కాదమ్మా, నిన్ను తినమంటున్నాను!"

"నన్ను బోటి ముట్టుకోనివ్వదు ఎడ్నా, ఇంటికెళ్ళాక వాసన చూస్తుంది."

వెనకవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. చీజు కొట్టతను సరుకు సర్దే నెపంతో బల్ల కింద దూరాడు. పది నిమిషాల్లో అంత వరసా కరిగిపోయి, చూడ్డానికి నిలబడ్డవాళ్ళూ, ఎటూ పోలేక హెరాల్డూ మిగిలారు.

"అందరినీ అవమానిస్తున్నావు" అంది మ్యూరియల్. "నెల రోజులు వానలో గడపగడపకీ తిరిగాను నీ కోసం."

"అయితే నువ్వు తిను. నాన్న కూతురివేగా."

అక్క పళ్ళెం వంక చూసింది. "నాకు చిన్నప్పట్నించీ పడదని నీకు తెలుసు."

"తెలుసు. అందరికీ చెప్పు ఆ మాట. బోటి కొట్టాయన పెద్దకూతురికి బోటి పడదు!"

అప్పుడు హెరాల్డ్ నెమ్మదిగా, ఎగతాళి లేకుండా అడిగాడు. "మరి నువ్వెప్పుడు తిన్నావు ఎడ్నా? ఆఖరిసారి?"

రోజూ మధ్యాహ్నం నేను తినేది చీజు శాండ్‌విచ్చి. పక్క కొట్లోంచే. నాన్న పోయి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో ఒక్కటంటే ఒక్క రోజు కూడా గుర్తు రాలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. ఫోర్కు తీసుకుని ఒక పెద్ద ముక్క గుచ్చి, వెనిగర్లో ముంచి నోట్లో పెట్టుకున్నాను.

ఏమీ లేదు. వెనిగర్ పులుపు దిగిపోయాక నోట్లో మిగిలింది తడిసిన గుడ్డ. ఆ అడుగున, ఈత కొలను దగ్గర వచ్చేలాంటి మందు వాసన. నాన్న బోటి ఇలా ఉండేది కాదు. ఆయన వెనక గదిలో గోకి, కడిగి, మళ్ళీ కడిగి, సన్నటి సెగ మీద గంటలకొద్దీ ఉడికించేవాడు. దానికి కాస్త గోధుమ రంగుండేది, మాంసం రుచుండేది. ఆయన పోయాక అంత చాకిరీ నావల్ల కాదని ఫ్యాక్టరీ నుంచి డబ్బాల్లో తెప్పించడం మొదలుపెట్టాను. వాళ్ళు బ్లీచింగ్ మందులో నానబెట్టి పాలలా తెల్లగా చేసి పంపుతారు. చూపుకి శుభ్రంగా ఉంటుంది కదా అని మురిసిపోయాను. కొయ్యడం, తూచడం, పొట్లం కట్టడం, మొహం చిట్లించినవాళ్ళని దులిపెయ్యడం. నోట్లో మాత్రం పెట్టుకోలేదు.

నాకు ఐవీ టాటర్సల్ గుర్తొచ్చింది. ప్రతి శుక్రవారం వచ్చే ముసలామె. డబ్బాలు మొదలైన నెలలోనే నా బల్ల మీద చెయ్యి వేసి, "మీ నాన్న చేసినట్టు లేదే తల్లీ, ఏం చేస్తున్నావు దీన్ని?" అంది. అంతమందిలో ఆవిణ్ణి నేనెంత మాటలన్నానో! నోటికి రుచి చచ్చిన ముసలిదానివి, నీకేం తెలుసన్నాను. మళ్ళీ రాలేదు. ఊళ్ళో నిజంగా బోటి తిన్న మనిషి ఆవిడ. తిన్నది కాబట్టే చెప్పింది.

"ఎలా ఉంది?" అన్నాడు హెరాల్డ్.

బ్రహ్మాండంగా ఉందని ఒక్క మాట అంటే సరిపోయేది. సాయంత్రంలోగా మ్యూరియల్ ఎలాగోలా అరవై రెండు పూర్తి చేసేది.

"దరిద్రంగా ఉంది" అన్నాను. "పదకొండేళ్ళుగా మీకు ఇదే అమ్ముతున్నాను. మీరు అబద్ధం సంతకాలు పెట్టారు, నేను అబద్ధం బోటి పెట్టాను."

మ్యూరియల్ ఆ కాగితాల్ని నెమ్మదిగా సంచిలో పెట్టుకుంది. నేను ఏప్రన్ విప్పి, ట్రిస్టన్ గదికి వెళ్ళి తాళాలు బల్ల మీద పెట్టాను. అతను పాపం గౌరవం గురించి మళ్ళీ ఏదో మొదలుపెట్టబోయాడు. నేను ఆగలేదు.

నేరుగా ఐవీ ఇంటికే వెళ్ళాను, కాలవ పక్క వీధిలో. ఆవిడకి ఎనభై తొమ్మిదేళ్ళు. తలుపు తియ్యడానికి చాలాసేపు పట్టింది. నన్ను గుర్తుపట్టి, నా మొహం చూడకుండా చేతుల వంక చూసింది.

"బోటి తెచ్చావా?"

"లేదు ఐవీ."

"అయితే లోపలికి రా" అంది.