దాచిన గాలి

చిటపట... చిటపట...

పాత మంచు కరిగేటప్పుడు ఇలాగే వినిపిస్తుంది. లోపల ఎప్పుడో చిక్కుకున్న గాలి, బుడగ బుడగగా పగిలి బయటికొస్తుంది. ఆ చప్పుడంటే నాకు ప్రాణం.

ఇవాళ అది మా ఊరి పెద్దావిడ కులిపా అప ఇంట్లో, చాయ్ నీళ్లు కాగే సమవార్ పక్కనున్న బకెట్లోంచి వినిపించింది.

గుమ్మంలోనే ఆగిపోయాను.

కొండమీది మంచునదిని లోతుగా తొలిచి, పరిశోధన కోసం ఆ మంచును కడ్డీలు కడ్డీలుగా తీసింది మా బృందమే. మా నారిన్ లోయలో అంత పెద్ద ఫ్రీజరు అప ఇంట్లోనే ఉంది. నగరం నుంచి ఫ్రీజరున్న లారీ వచ్చేదాకా దాచమన్నాను. తొలిచిన చోట ఈ వేసవికి రాళ్లు తేలాయి. మళ్లీ తీద్దామన్నా అక్కడ మంచు లేదు.

లారీ రేపొస్తుంది.

అప భర్త పోయి ఇవాళ్టికి ఏడాది. విందుకని నిన్న గుర్రాన్ని కోశారు. మాంసానికి ఫ్రీజరు చాల్లేదు, మా కడ్డీలు బయటికి తీసేశారు.

"అంత శుభ్రమైన నీళ్లు మనకెక్కడున్నాయే బర్చిన్? పెద్దలొచ్చారు. చాయ్ దాంతోనే పెట్టాను," అంది అప, గొప్పగా. "కొండెక్కీ ఎక్కీ పుల్లలా అయిపోయావు. కూర్చో తల్లీ."

గిన్నెలో సగమే పోసింది. మా దగ్గర నిండా పోస్తే ఇక వెళ్లమని అర్థం.

తాగాను. చాయ్ బాగుంది. ఏడుపొచ్చింది.

కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండాలి కదా...

అది నాకోసం దాచింది కాదు. ఇంకా పుట్టనివాళ్ల కోసం. నాకు తోచని ప్రశ్నలు వాళ్లకు తోస్తాయి — అడగడానికి ఆ గాలి ఉండాలి. మా తాతలు పాటల్ని నోట దాచి మాకిచ్చారు. నేను గాలిని మంచులో దాచి ఇద్దామనుకున్నాను. అంతే.

బకెట్ అడుగున ఒక్క ముక్క మిగిలింది. పరికరాలకు ఇక పనికిరాదు. తీసి అప గిన్నెలో వేశాను.

"విను అపా."

చెవి ఆనించింది.

"ఎవరిదే ఈ సణుగుడు?"

"మన తాతల తాతలు పీల్చి వదిలిన గాలి."

అప గిన్నెను చెవికి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది.

"మా ఆయనది ఉందా ఇందులో?"

"లేదపా. ఆయనది ఇంకా పైపైనే తిరుగుతోంది. మంచు గట్టిపడి దాన్ని లోపల పట్టుకోవాలంటే చాలా ఏళ్లు పడుతుంది."

"అప్పటిదాకా ఉంటుందా, మంచు?"

కిటికీలోంచి కొండ కేసి చూశాను. సగం నలుపు.



అప నా గిన్నె అందుకుంది. మళ్లీ సగమే పోసింది. తన గిన్నె మాత్రం తాగలేదు. చెవి దగ్గరే పట్టుకు కూర్చుంది.

చిటపట...

చిట...