అద్దాల లంగా, స్టీలు బేసిన

సువర్ణ ఉల్లిగడ్డలు తరుగుతోంది. బియ్యం డబ్బాకు ఆనించిన ఫోనులో పినపాక దగ్గరి తండా, తమ ఇంటి వాకిలి, వాకిట్లో దాది కనిపిస్తున్నారు. దాది అంటే నానమ్మ లాలి. ఇక్కడ ఇంగ్లండులోని లెస్టర్‌లో ఇంకా పొద్దెక్కలేదు. అక్కడ మధ్యాహ్నం దాటింది.

పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే మనిషి తండాకు వచ్చాడట. చీరలకు గిన్నెలిస్తున్నాడు కానీ, అద్దాల లంగాకైతే పెద్ద బేసిన ఇస్తానన్నాడట. పట్నంలో వాటిని ముక్కలు కోసి సంచులు కుడతారని వెనకనుంచి అమ్మ సరళ చెప్పింది. దాది ఒళ్లో ఎర్రటి మూట ఉంది.

"పెట్టెల ఊకెనే పడున్నది. నీకేమన్న పనికొస్తదా బిడ్డా?" అని అడిగింది దాది.

సువర్ణ కళ్లనిండా ఉల్లిఘాటు. బస్సు పోతుందని గుమ్మంలో నిలబడి మహిమ తొందరపెడుతోంది.

"నేనేం చేసుకుంట దాదీ. ఇచ్చెయ్యి."

దాది తలూపి, ఫోను కోడలి చేతిలో పెట్టేసింది.

మహిమది సారపాక. వాళ్ల నాన్న అంతోనయ్య పేపరు మిల్లులో పనిచేస్తాడు. అక్కడ ఉన్నన్నాళ్లూ ఒకరికొకరు తెలియదు. ఇక్కడికొచ్చాక ఇద్దరిదీ ఒకే ఊరైపోయింది. ఆ రోజు శనివారం. మ్యూజియానికి పోదామన్నది ఆమే. "టికెట్టు లేదు, స్పీచు ఫ్రీ, అయినంక చాయ్ బిస్కెట్లు ఫ్రీ. నిద్రొస్తె పండుకో, చాయ్ టైముకు నేను లేపుత" అని బస్సులో భరోసా ఇచ్చింది.

మ్యూజియం పై అంతస్తు గదిలో పట్టపగలే మసక. నడుమ గాజుపెట్టె. అందులో విసనకర్రలా పరిచిన ఎర్ర లంగా, దానినిండా అద్దాలు. సువర్ణ కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"ఏందే, మీ దాదిదే ఎత్తుకొచ్చిన్రా?" అని మహిమ చెవిలో గొణిగింది.

మాట్లాడే ఆమెది నెరిసిన జుట్టు, మెత్తని గొంతు. పాతబట్టలు పాడవకుండా చూడటమే ఆమె ఉద్యోగమట. ఆ లంగాను సొంత మనిషిలా పరిచయం చేసింది. అంచు దగ్గర ఒక అద్దం ఊడిపోతే, ఎవరో అక్కడ సాగ్గొట్టిన నాణెం పెట్టి కుట్టారు. కుట్టినామె పేరు తమకు తెలియదని, తెలిసుంటే బాగుండేదని అన్నది. వెలుతురు రంగుల్ని తినేస్తుంది కనుక గదిలో దీపాలు తగ్గించామని, ఇలా ఉంచితే ఇంకో వందేళ్లయినా చెక్కుచెదరదని చెప్పింది.

సువర్ణ అద్దాలవైపే చూస్తూ కూర్చుంది. ఒక్కటీ మెరవడం లేదు.

మిరప చేలనుంచి వచ్చాక దాది గడపలో కూర్చుని, కాళ్లు ఎండలోకి చాపేది. కట్టుకున్న అద్దాల లంగా మీద పడ్డ ఎండ లోపల మట్టిగోడ నిండా చుక్కలు చుక్కలుగా పరుచుకునేది. చిన్న సువర్ణ వాటిని అరచేతితో పట్టబోయేది. దాది కావాలనే మోకాలు కదిపేది. చుక్కలన్నీ దూలం మీదికి పరుగెత్తేవి. ఊడిన ఒక అద్దం జాగాలో, నాన్న హాతీరాం బండి అద్దం పగిలితే ఆ పెంకు పెట్టి కుట్టింది దాది. దాని వెలుగు మిగతావాటికన్నా పెద్దగా పడేది. సువర్ణ దాన్ని చందమామ అనేది. అదొక్కటీ దొరికిన రోజున ఇక అన్నానికి పిలిచినా కదిలేది కాదు.

ఇప్పుడు ఏ కత్తెర కింద ఉందో.

సువర్ణ లేచింది. "చాయ్ తాగకుంటనా?" అని మహిమ వెనకాలే వచ్చింది.

మెట్ల మీద కూర్చుని సువర్ణ ఇంటికి ఫోను చేసింది. తండాలో ఎండ వాలింది. దాది గడపలో కొత్త బేసిన ముందు పెట్టుకుని ఎండుమిర్చి తొడిమలు తీస్తోంది. సామాన్లాయన ఎక్కడున్నాడని అడిగితే, తండా చివర దేవ్‌సింగ్ ఇంటికాడ చాయ్ తాగి మూటలు కడుతున్నాడని సరళ చెప్పింది.

"ఫోను దాదికియ్యి యాడీ" అన్నది తల్లితో.

గాజుపెట్టెలోని లంగాకు తాను తీసిన ఫొటో చూపించింది సువర్ణ. దాది తెరను దగ్గరికి పట్టుకుని చాలాసేపు చూసింది.

"చీకట్ల పెట్టిన్రు దాదీ. అద్దాలు మెరుస్తనే లేవు" అన్నది సువర్ణ. "మనదానికి చందమామ ఇంకా ఉండెనా?"

సరళ మధ్యలో కల్పించుకుంది. "నువ్వే కదనే ఇచ్చెయ్యమన్నవు. నీళ్లు పోసిన గిన్నెను వాపసు తీసుకోడు ఆయన. అది తండా మొత్తానికి ఎరుకే."

"నీళ్లు పోసిన్రా?"

సరళ బేసినవైపు చూసింది. "లేదు. మిరపకాయలే."

దాది ఫోనును గోడకు ఆనించి లేచింది. బేసినను గోనెసంచి మీద బోర్లించింది. అడుగున అంటిన గింజల్ని కొంగుతో తుడిచింది. బేసినను నడుముకు ఎత్తుకోగానే వాలుపొద్దు దానిమీద పడి, ఇంత పెద్ద వెలుగు గోడమీదుగా పాకి దూలం దాకా పోయింది. దాది తల తిప్పలేదు. గడప దాటి దేవ్‌సింగ్ ఇంటివైపు నడిచింది.