తొమ్మిది అడుగులు

పెళ్ళయిన నలభై రెండు రోజుల్లో ఆమెకు అలకలు చాలా వచ్చాయి. తడి తువ్వాలు మంచం మీద పడేసినందుకొకటి, ఆఖరి బిస్కెట్టు చెప్పకుండా తినేసినందుకొకటి. అన్నీ వచ్చిన దారినే పోయాయి, పోయాక ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. కోపం మాత్రం ఇంతవరకూ రాలేదు. ఆ శనివారం మధ్యాహ్నం వచ్చింది.

భోజనాల బల్ల మీద నల్లటి డబ్బా. పక్కన భర్త, క్లాసులో ఫస్టొచ్చిన పిల్లాడిలా వెలిగిపోతూ.

"విప్పు విప్పు," అన్నాడు.

విప్పింది. లెన్సు. ఎనభై ఐదు మిల్లీమీటర్లది.

"ఇది కొనమని నీకెవరు చెప్పారు?"

"షాపతను. పోర్ట్రైటంటే కళ్ళు మూసుకుని ఎనభై ఐదేనట."

"కళ్ళు మూసుకునే కొన్నట్టున్నావు," అంది. గొంతు తనదేనా అనిపించింది.

ఆమె ఒక స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తుంది. సొంత పేరు మీద ఇప్పుడే మొదటి పని దొరికింది. ఆస్పత్రి గోడ మీద పెట్టడానికి ముప్పై ఆరుగురు నర్సుల ఫొటోలు కావాలి. తలా, రెండు భుజాలూ, గుండె మీది పేరు బిళ్ళా పడాలి. కెమెరాతో పాటొచ్చిన లెన్సుతో ఒకటి తీసి చూపిస్తే హెడ్ నర్సు కళ్ళజోడు సవరించుకుని, "నా వెనకున్న చెత్తబుట్ట నాకంటే బాగా పడింది," అంది. "సోమవారం ఇంకొక్కసారి తీసి చూపించు. కుదరకపోతే పెద్ద డాక్టరుగారి బావమరిది కెమెరా మెడలో వేసుకుని సిద్ధంగా ఉన్నాడు."

ఫొటోలు తీయాల్సిన ఆస్పత్రి గదికి ఒకటే కిటికీ. వెలుతురు తక్కువైనా లాక్కునే లెన్సు కావాలి, వెనకున్న బీరువాల్ని మసకబార్చేది కావాలి, తను కొనగలిగేది కావాలి. మూడు రోజులు ఆలోచించింది. లెన్సు అంకె పెరిగేకొద్దీ మనిషికి దూరం జరిగి తీయాలి. పైగా ఆమె కెమెరా లోపల బొమ్మ పడే సెన్సరు చిన్నది, ఏ లెన్సు తగిలించినా ఒకటిన్నర రెట్లు దగ్గరికి లాగి చూపిస్తుంది. అందుకని ఆ చిన్న గదికి యాభై అయితేనే సరిపోతుందని తేల్చుకుంది. అదే కెమెరా షాపు అద్దాల బీరువాలో సెకండ్ హ్యాండ్‌ది ఒకటి చూసుకుంది కూడా. ఇవాళ సాయంత్రం వెళ్ళి తెచ్చుకోవాలనుకుంది. రేపు షాపుకి సెలవు.

"ఒక్క ముక్క నన్నడగాలనిపించలేదా?"

"అడిగాను కదా! మొన్న పళ్ళు తోముకుంటూ, ఆ గదిలో ఎన్ని అడుగులు చోటుందంటే తొమ్మిదన్నావు. షాపతను తొమ్మిది అడుగులుంటే బ్రహ్మాండం అన్నాడు."

"గోడకీ గోడకీ మధ్య తొమ్మిది అడుగులు! టేపు పెట్టి కొలిచాను!"

అతని మొహంలో వెలుగు కొంచెం తగ్గింది. "నేను... ఇవనుకున్నాను. షాపులోనూ ఇలాగే వేసి చూపించాను," అంటూ హాల్లో నాలుగంగలు వేశాడు. అసలే తాటిచెట్టంత మనిషి. అలాంటివి తొమ్మిది వేస్తే ఆస్పత్రి గోడ దాటి ఆటోల మధ్య తేలతాడు.

అత్తగారు గదిలోంచి వచ్చి కుర్చీలో కూర్చుంది. "గొడవెందుకు, నన్ను తీసి చూడండి," అంది. తొమ్మిది అడుగులు కొలిచి, అందులో కుర్చీ వెనక రెండడుగులు వదిలి, గోడకి వీపు ఆనించి కోడలు ఫొటో తీసింది. అత్తగారు చూసుకుని బుగ్గ నొక్కుకుంది.

"భుజాలేవే? రెక్కలు తెంపిన పిట్టలా ఉన్నాను! వీడింతే అమ్మాయ్. ఏడో క్లాసులో నాకు చెప్పులు కొనుక్కొచ్చాడు, తన కాలు పెట్టి కొలిచి."

"అత్తయ్యా, మీరు నవ్వించకండి. నా కోపం పాడవుతుంది."

డబ్బా పట్టుకుని బయల్దేరింది. వెనకే భర్త.

షాపతను ఆమె చేతిలో డబ్బా చూశాడు, మాట మాత్రం ఆమె భర్తతో అన్నాడు. "ఏంటి సార్, మేడమ్‌కి బరువనిపించిందా?"

"మేడమ్ ఇక్కడే ఉంది," అంది ఆమె. "నోరు కూడా ఉంది. ఇది నా గదికి పనికిరాదు. ఆ యాభై ఇవ్వండి."

"అది వాడిన సరుకు సార్. చౌకరకం." కళ్ళింకా అతని మీదే. "మొదట్లో ఇలాగే ఉంటుంది సార్. పోనుపోను అలవాటవుతుంది."

లెన్సు గురించి అన్నాడో, పెళ్ళాం గురించి అన్నాడో తెలియలేదు. భర్త మాత్రం మర్యాదకి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వుకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. షాపతనిది పొగరు, పోనీ. వీడికేమొచ్చింది?

సంచిలోంచి టేపు తీసింది. "ఆ స్టూలు మీద కూర్చోండి." చెప్పిన తీరుకి షాపతను కూర్చున్నాడు. ఆస్పత్రి గదిలో తనకి మిగిలే ఆరడుగులు కొలిచి నిలబడి ఎనభై ఐదుతో ఒకటి తీసింది. తర్వాత యాభై అందుకుంది. ఫోను టార్చి వెలుగులో గాజు చూసింది. బూజు లేదు, గీత లేదు. చుట్టూ ఉన్న రింగు అరిగినా మెత్తగా తిరుగుతోంది. తగిలించి ఇంకొకటి తీసి, రెండూ పక్కపక్కన చూపించింది. మొదటిదాంట్లో షాపతను భుజాల్లేకుండా, చొక్కాజేబు సగం తెగి ఉన్నాడు. రెండోదాంట్లో జేబులో పెన్నుతో సహా నిండుగా పడ్డాడు. వెనక అట్టపెట్టెలు మెత్తగా కరిగిపోయాయి.

అతను ఫొటో రెండుసార్లు చూశాడు. తనకే నచ్చింది, దాచుకోలేకపోయాడు. అయినా, "డబ్బా విప్పితే వెనక్కి తీసుకోం సార్," అన్నాడు, మళ్ళీ అటే తిరిగి.

ఆమె భర్త వైపు తిరిగింది. "నువ్వు బయటికెళ్ళు."

"నేనేం చేశాను?"

"నువ్వుంటే ఈయనకి నేను కనపడటం లేదు."

అతను షాపతని వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. తన మర్యాద నవ్వు గుర్తొచ్చిందో ఏమో, చెవులు ఎర్రబడ్డాయి. తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

షాపతనికి దిక్కు తోచలేదు. తలుపు వైపు చూశాడు, క్యాలెండరు వైపు చూశాడు. ఇక చూడ్డానికి ఏమీ మిగలక ఆమె మొహంలోకి చూశాడు.

"చెప్పండి... మేడమ్."

"మీరు దీన్ని కెమెరా లేని మనిషికి అమ్మారు. ఏ కెమెరాకని అడిగారు, ఎవరు తీస్తారని అడగలేదు. డబ్బా విప్పి రెండు గంటలైంది. ఇది తీసుకుని అది ఇవ్వండి, మిగతాది లెక్క చూడండి."

అతను సణిగాడు, తలగోక్కున్నాడు, విప్పిన డబ్బాకని ధరలో పదో వంతు కోసుకున్నాడు. ఆ కోత ఆమెకి కారం రాసినట్టుంది. కానీ సోమవారం ఎల్లుండే. సరేనంది. యాభై ఆమె సంచిలోకి వచ్చింది, అరచేతిలో ఇమిడేంత చిన్నది, ముద్దొచ్చేలా ఉంది. ముద్దు పెట్టుకోలేదు. కోపంలో ఉంది కదా.

బయట భర్త కరెంటు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"అయిందా?"

"అయింది."

"కోపం?"

"అది కాలేదు. ఆయన నన్ను వదిలేసి నీతో మాట్లాడితే నువ్వు నవ్వావు. లెన్సు పొరపాటే, పోనీ. ఆ నవ్వు పొరపాటు కాదు."

అతను తల దించుకున్నాడు. "కాదు," అన్నాడు. సంజాయిషీ ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే అక్కడే ఇంకో గొడవయ్యేది.

ఇద్దరూ వీధి చివరిదాకా నడిచారు. కాఫీ కొట్టు ముందు అతను ఆగాడు. మామూలుగా అయితే ఈపాటికి రెండు చెప్పేసి ఉండేవాడు. ఇవాళ చేతులు కట్టుకుని, "కాఫీ తాగుతావా?" అని అడిగాడు.

లోపల్నుంచి కమ్మటి వాసన వస్తోంది. ఆమెకి ప్రాణం లాగేస్తోంది.

"వద్దు," అంది.

ఆ మాట ఎంత రుచిగా ఉందో!