బొమ్మ మీరే ఉంచుకోండి

"ఏమ్మా, బాత్రూములు ఎటువైపు?"

మెడలో కెమెరా వేసుకున్న పెద్దమనిషి అడిగాడు. రంగులమ్మ చెయ్యెత్తి కుడివైపు చూపించింది. ప్రదర్శన మొదలైన దగ్గర్నుంచి ఆ చెయ్యి అలా లేస్తూనే ఉంది, పడుతూనే ఉంది. ఆవిడ అక్కడ కూచున్నదే అందుకన్నట్టు! వెనకాల పద్నాలుగు బొమ్మలు వేలాడుతున్నాయే, వాటిమీద ఒక్క చూపు పారేస్తే వీళ్ళ సొమ్మేం పోయింది?

రంగులమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, వీధి పెట్టిన పేరు. గోళ్ళ సందుల్లో ఎప్పుడు చూసినా ఏదో ఒక రంగు ఉంటుందని మొదట వెక్కిరింతగా అన్నారు, తర్వాత అదే స్థిరపడిపోయింది. పగలు బడిలో పిల్లలకి డ్రాయింగు చెబుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి, వంటిల్లు సర్దేసి, వెనక గదిలో దూరి తలుపేసుకుంటుంది. ఆ గదిలో ఒక పెద్ద కిటికీ, ఒక స్టాండు, రంగుల డబ్బాలు, టర్పెంటైను వాసన. ఇంట్లో ఆవిడని ఎవరూ ఏమీ అడగని చోటు అదొక్కటే. ఇప్పుడు ఆ చోటుకే ఎసరొచ్చింది.

ఎసరు పెట్టింది అత్తగారు. "గదిని రంగుల డబ్బాలకి వదిలేసే బదులు ఎవరికైనా అద్దెకిస్తే నాలుగు రాళ్ళు వస్తాయి కదా" అని ఏడాదిగా చెవిలో జోరీగలా మోగుతోంది. చివరికి మొన్నామధ్య మొగుడే కల్పించుకున్నాడు.

"అమ్మా, పార్కులో బొమ్మల ప్రదర్శన పెడుతున్నారు. అందులో ఒక్కటంటే ఒక్క బొమ్మ అమ్ముడుపోయినా నువ్వు ఆ గది ఊసెత్తకూడదు. పోలేదా, నీ ఇష్టం."

అత్తగారు సరే అంది. ఆవిడ నోటికి జడిసేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఆవిడ మాట తప్పిందని అన్నవాళ్ళు మాత్రం లేరు.

మొగుడు వడ్రంగి. ఊరంతటికీ బల్లలూ బీరువాలూ చేసే పెద్ద కార్ఖానాలో పని. ఆ పద్నాలుగు బొమ్మలకీ ఫ్రేములు చేసింది అతనే. కూల్చేసిన పాత మేడ తలుపుల చెక్క మోసుకొచ్చి, పని దిగి వచ్చాక పెరట్లో కూచుని చిత్రిక పట్టాడు. పదమూడు మామూలువి. పద్నాలుగోదానికి మాత్రం చుట్టూ ఆకుల తీగ చెక్కాడు. అది రంగులమ్మ నాలుగు నెలలు కూచుని వేసిన బొమ్మకి. తొట్టి నిండా అంట్లు, వాటిమీద నీళ్ళోడుతున్న రెండు ఆడచేతులు. అంతే బొమ్మ. ఆ చేతులమీద తడి మెరుపు పట్టుకోవడానికి ఎన్నిసార్లు గీకేసి మళ్ళీ వేసిందో ఆవిడకే తెలియాలి.

పార్కులో జనం నడిచే దారి పొడవునా ఇనప జాలీలు నిలబెట్టి, చిత్రకారుడికి ఒకటి చొప్పున ఇచ్చారు. రంగులమ్మకి దారి చివర, బాత్రూముల పక్కన దొరికింది. మొదటి రోజునే పేరు రాయించుకున్న మనిషికి చివరి చోటా? మెడలో బిళ్ళ వేసుకుని తిరుగుతున్న నిర్వాహకుణ్ణి పట్టుకుని అడిగితే, ఆయన తొణక్కుండా చెప్పాడు.

"మీ దగ్గరే కదమ్మా జనం ఎక్కువ! ఎంతటివాడైనా ఒకసారి ఇటు రావాల్సిందేగా!"

దానికాయన పక్కవాళ్ళతో కలిసి నవ్వాడు కూడానూ. రంగులమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. గది గుర్తొచ్చి నోరు మూసుకుని వచ్చేసింది.

శనివారమంతా ఈగలు తోలుకోవడంతోనే సరిపోయింది. కొనేవాళ్ళు రాలేదు గానీ మాట్లాడేవాళ్ళకేం కొదవ! ఒకాయన ముక్కు బొమ్మకి తగిలేంత దగ్గరగా వంగి, "ఇది చేత్తోనే వేశారా?" అన్నాడు. కాదు నాయనా, కాలితో వేశాను అందామని నాలుక చివరిదాకా వచ్చింది. ఒకావిడ కూతుర్ని ముందుకు తోసి, "మా అమ్మాయి కూడా అచ్చం ఇలాగే వేస్తుందండీ, ఎవరూ నేర్పకుండానే" అని గొప్పలు పోయింది. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఫోటో దిగడానికి వచ్చి, "ఆంటీ, కొంచెం పక్కకి జరుగుతారా, మీరు పడుతున్నారు" అన్నారు. ఎవరి బొమ్మ ముందు నుంచి ఎవరు జరగాలో చూడండి! జరిగింది పాపం.

అన్నిటికన్నా ఘనులు ఒక మొగుడూ పెళ్ళాం. సంచీలోంచి దిండు గలీబు తీసి, ఒక్కో బొమ్మ పక్కనా పెట్టి చూసుకుంటూ వచ్చారు. ఓ చెరువు బొమ్మ దగ్గర ఆగారు.

"ఈ నీలం మన సోఫాకి తేడా కొడుతోంది" అన్నాడాయన.

"కొంచెం ముదురు చేసివ్వగలరా?" అని ఆవిడ రంగులమ్మని అడిగింది.

"సోఫానే మార్చుకోకూడదూ?" అంది రంగులమ్మ.

వాళ్ళు మొహం ముడుచుకుని వెళ్ళిపోయారు. పక్కనే కూచున్న రంగులమ్మ మొగుడు నెత్తి గోక్కున్నాడు.

"అలా కసురుకుంటే ఎవరు కొంటారే?"

"కసరకపోతే మాత్రం ఎగబడి కొనేస్తున్నారా?"

మొగుడు వెళ్ళి టీ తెచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. చక్కటి చీర, చేతిలో తాళాల గుత్తి. బాత్రూములు ఎటని అడగలేదు. నేరుగా అంట్ల బొమ్మ ముందుకొచ్చి నిలబడిపోయింది. దగ్గరికొచ్చింది, వెనక్కి తగ్గింది, పక్కనుంచి చూసింది. వెళ్ళిపోయి, నాలుగడుగులు వేసి, మళ్ళీ తిరిగొచ్చింది. రంగులమ్మ లేచి నిలబడింది. చూస్తోంది! ఎవరో ఒకరు, ఇంత జనంలో ఒక్క మనిషి, నిజంగా చూస్తోంది! ఆ తడి చేతుల్ని, ఆ గిన్నెల్ని, ఆ నాలుగు నెలల్ని.

"ఎంత?" అందావిడ.

రంగులమ్మ చెప్పింది. బేరం ఆడితే ఎక్కడిదాకా దిగాలో కూడా మనసులో లెక్క వేసుకుంది. ఆవిడ బేరమే ఆడలేదు.

"సరే, కట్టేయండి."

మొగుడు గబగబా బొమ్మ దింపి, కాగితాలూ పురికొసా అందుకున్నాడు. రంగులమ్మ కళ్ళముందు అత్తగారి మొహం కదిలింది. గది దక్కింది. కాదు, గది మాట తర్వాత. ఎవరికో నచ్చింది!

"ఆగండాగండి" అందావిడ. "బొమ్మ తీసేసి ఇవ్వండి. నాకు అద్దాల షాపుంది. ఇందులో నిలువుటద్దం బిగిస్తే ఎంత బావుంటుందో! బొమ్మ మీరే ఉంచుకోండి."

మొగుడి చేతిలో పురికొస అలాగే ఆగిపోయింది.

"బొమ్మ బాలేదని కాదమ్మా" అని ఆవిడ రంగులమ్మ వైపు తిరిగి, ఓదార్పుగా అంది. "ఇంట్లో గోడకి పెట్టుకుంటే, చూసినప్పుడల్లా పని గుర్తొస్తుంది కదా, అందుకని. ఈ చెక్కడం మాత్రం అద్భుతం. ఎవరు చేశారు?"

"నేనేనండీ" అన్నాడు మొగుడు.

అనేశాక నవ్వు ఆపుకుందామని చూశాడు. ఆగలేదు. మొహం చాటంతయింది. ఆ నవ్వు రంగులమ్మ చూసింది. ఇరవై ఏళ్ళుగా కార్ఖానాలో ఉలి పట్టిన మనిషి, ఏనాడూ ఎవరూ అతని చేతిపని చూసి ఇది ఎవరు చేశారని అడిగి ఉండరు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసీ ఒళ్ళు మండిపోయింది. ఆ నవ్వుని చూసి మండినందుకు తనమీద తనకే ఇంకా మండింది.

"తీయమంటావా?" అని గొంతు తగ్గించి అడిగాడు. "నీ ఇష్టం."

నీ ఇష్టమట! చెవుల దాకా నవ్వుతూ నీ ఇష్టం అంటే ఏమిటి అర్థం? రంగులమ్మ అతని పనిముట్ల సంచీలోంచి కటింగు ప్లేయరు లాక్కుంది. ఫ్రేము బోర్లా తిప్పి, మేకులు ఒక్కొక్కటే తనే పీకింది. బొమ్మ ఊడొచ్చింది. ఫ్రేము ఆవిడ చేతిలో పెట్టి, "తీసుకెళ్ళండి" అంది. ఇంకొక్క మాట మాట్లాడితే ఏడుపొచ్చేది, ఆ మనిషి ముందు ఏడవడం కన్నా చావడం నయం.

అద్దాల షాపు ఆవిడ అక్కడే నిలబడి ఇలాంటివి ఇంకో పన్నెండు కావాలంది. మొగుడు పెళ్ళాం వైపు చూడకుండా, "చేస్తానండీ" అన్నాడు.

సాయంత్రం అద్దె వ్యానులో పద్నాలుగు బొమ్మలూ ఇంటిదారి పట్టాయి. పదమూడు ఫ్రేములతో, ఒకటి లేకుండా. ఆ ఒక్కటీ రంగులమ్మ ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంట్లో ఒకటి పోయిందని చెబుదాం" అన్నాడు మొగుడు. "అబద్ధమేం కాదుగా. జాలీమీద ఉన్నది ఒకటి పోయింది. గది మిగులుతుంది."

రంగులమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది.

ఇల్లు చేరేసరికి అత్తగారు హాల్లో టీవీ ముందు కుర్చీ వేసుకుని సీరియల్ చూస్తోంది. తల తిప్పకుండానే అడిగింది.

"ఏమైనా పోయాయా?"

"ఒకటి పోయిందమ్మా" అన్నాడు మొగుడు చెప్పులు విప్పుతూ.

అత్తగారు తల తిప్పింది. కోడలివైపు కాసేపు చూసి, "మాటంటే మాటే. ఇక ఆ గది జోలికి నేను రాను" అంది.

అంతే. అక్కడితో అయిపోయింది. రంగులమ్మ నోరు మెదపకుండా లోపలికి నడిస్తే గది ఆవిడదే. కిటికీ ఆవిడదే, తలుపు ఆవిడదే. నాలుగడుగులు నడిచింది కూడా. అయిదో అడుగు పడలేదు. రేపు ఆ గదిలో కూచుని కుంచె ముంచిన ప్రతిసారీ ఇది అద్దం పుణ్యాన దక్కిందని గుర్తొస్తుంది. ఆ సుఖం ఎవడిక్కావాలి!

"పోయింది బొమ్మ కాదత్తయ్యా" అంది గిరుక్కున తిరిగి. "మీ అబ్బాయి చేసిన ఫ్రేము పోయింది. బొమ్మ ఎవరికీ అక్కర్లేదు. ఇదిగో, చంకలోనే ఉంది."

మొగుడు తల పట్టుకున్నాడు. అత్తగారు వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"అయితే గది అద్దెకి..."

"అద్దెకి వద్దమ్మా" అన్నాడు మొగుడు చప్పున. "నేను పన్నెండు ఫ్రేములు చెయ్యాలి. పెరట్లో వాన పడితే చెక్క ఉబ్బిపోతుంది. ఆ గదైతే..."

నాలుక కరుచుకున్నాడు. అప్పటికే మాట బయటపడిపోయింది.

"ఆ గదైతే?" అంది రంగులమ్మ. "చెప్పండి, ఆగిపోయారేం? ఆ గదైతే కిటికీ ఉంది, వెలుతురుంది, బావుంటుంది. అంతేగా?"

"అది కాదే, నేననేది..."

"రెండు రోజులూ ముక్కూ మొహం తెలియనివాళ్ళు నా మొహాన కొట్టి పోయారు. పడ్డాను. వాళ్ళు నాకేమవుతారని? మీరు పక్కనే ఉండి అన్నీ చూశారు. చూసి, వ్యానులో నాతో అబద్ధమాడిద్దామనుకుంటూ, మనసులో మాత్రం చెక్క ఎక్కడ పేర్చుకోవాలో చూసుకుంటున్నారా? తీసేసుకోండి! గది మీదే!"

విసురుగా వెళ్ళింది. స్టాండు ఈడ్చుకొచ్చింది. రంగుల డబ్బాలు, సీసాలు, కుంచెలున్న గాజు గ్లాసు, అన్నీ రెండు విడతల్లో తెచ్చి హాలు మధ్యలో దించింది. స్టాండు సరిగ్గా టీవీకి అడ్డంగా నిలబెట్టి, దానిమీద అంట్ల బొమ్మ ఎక్కించింది.

"సీరియల్ కనపడ్డం లేదే అమ్మాయ్!" అంది అత్తగారు.

"కనపడకపోతే బొమ్మ చూడండి."

టీవీలో ఎవరో ఏడుస్తున్న గొంతు బొమ్మ వెనక నుంచి వినపడుతోంది.

హాల్లో ట్యూబులైటు వెలుగులో రంగులమ్మకి అప్పుడు కనపడింది. బొమ్మ చుట్టూ, నాలుగు పక్కలా, వేలు వెడల్పున తెల్లటి పట్టీ. రంగు తగలని ఉత్త గుడ్డ. ఎలాగూ ఫ్రేము కిందికి పోయేదే కదా అని ప్రతి బొమ్మకీ చుట్టూ అంత జాగా వదిలేయడం ఆవిడ అలవాటు. ఎవరూ వదలమని అడగలేదు. ఇన్నేళ్ళూ తనంతట తనే సర్దుకుని, లోపలికి జరిగి వేసుకుంది.

మొగుడు మెల్లగా వచ్చి ఆవిడ వెనక నిలబడ్డాడు. "దీనికి ఇంకా మంచి ఫ్రేము చేసిస్తాలే. ముందు దీనికే చేస్తాను, ఆ పన్నెండూ తర్వాతే. ఒట్టు."

"దీనికింక ఫ్రేము ఉండదు" అంది రంగులమ్మ, తిరిగి చూడకుండా.

రంగు డబ్బా మూత తీసి, కుంచె ముంచింది. బొమ్మలోని తొట్టి గట్టుని లాక్కుంటూ తెల్ల పట్టీ మీదికి వచ్చింది, గుడ్డ చివరిదాకా వేసింది, మడత పెట్టిన అంచుమీద కూడా వేసింది. తర్వాత రెండో పక్క మొదలుపెట్టింది.

అత్తగారు కాసేపు చూసి, లేచి, కోడలికి అడ్డం లేకుండా కుర్చీ పక్కకి జరుపుకుంది.